సెలూన్‌ల రెండో కుర్చీ

నాకు చదువు నేర్పింది పాత పేపర్లే. లాడ్ బజార్ గాజుల దుకాణంల పనిచేసేటప్పుడు గాజులు చుట్టేముందు ప్రతి కాయితం చదివేటోణ్ణి. కోర్టు వార్త కనవడితే గిరాకీ ఆగాల్సిందే. "వకీల్ సాబ్, ముందుగాల గాజులు కట్టు!" అని సేఠ్ తిట్టేటోడు. అందుకే మా పిల్లగాని తీర్పు నాకు ఒకలు చెప్పే పని పడలే.

మా ఇంటోడు గాదు, మా గౌలిపుర గల్లీ పిల్లగాడే. పదహారేండ్లప్పుడు కొట్లాటల కత్తి తీసిండు. ఒక మనిషి చచ్చిపోయిండు. పోలీసులు వయసు పంతొమ్మిదని రాసుకున్నరు, కింది కోర్టు యావజ్జీవం ఏసింది. పదేండ్లు దాటినంక పెద్ద కోర్టు బడి కాయితాలు తెప్పించుకొని చూసింది. నేరం నిజమే, కని అప్పటికి వాడు మైనరు, ఈ శిక్ష చెల్లదు, విడిచిపెట్టుండ్రి అన్నది.

జైల్ల వాడు క్షవరం నేర్చుకున్నడు. వాని మేనమామకు మా గల్లీలనే సెలూన్. రెండో కుర్చీ వానికిచ్చిండు. వారమైనా అందుల ఎవ్వలు కూసోలే. బెంచి మీద గంట ఆగుతరు గని, వాని దిక్కు పోరు.

ఆ ఆదివారం నేను పోతే మేనమామ పక్కకు పిలిచిండు. "కాకా, ఇయ్యాల గూడ ఎవ్వలు కూసోకుంటే వాణ్ణి ఎటన్న పంపిస్త. ఉన్న గిరాకీ పోతుంది."

బెంచి మీది బట్టల వ్యాపారి ఇన్నడు. "కోర్టుకేంది భాయ్, ఫైసలా ఇచ్చి ఇంటికి పోతది. మెడ మనది గద!"

అందరు నవ్విండ్రు. పిల్లగాడు తుడిచిన అద్దమే మళ్ల తుడుస్తున్నడు. నాకు ఒళ్లు మండింది.

"నీ కొడుకు పదహారేండ్లకు బండితోని ముసలాయన్ని గుద్దితే ఠాణాల ఏమన్నవ్? 'పిల్లగాడు సాబ్, తెలివి లేదు' అనలే?"

"అది వేరే కాకా. యాక్సిడెంటు."

"వేరేనే. నీవోడు పొద్దుమీకి ఇంటికొచ్చి బిర్యానీ తిన్నడు. వీడు పదేండ్లు లోపలున్నడు. చచ్చిపోయినోని తల్లి వచ్చి నా మొకం మీద ఉమ్మితే తుడుసుకుంట. ఆమెకు హక్కున్నది. నీకేడిది?"

పోయి రెండో కుర్చీల కూసున్న. గడ్డం పైకెత్తిన. "గియ్యి బిడ్డా."

"ఒద్దు తాతా. చెయ్యి వణుకుతుంది."

"నా తల గూడ వణుకుతది. ఇద్దరం మెల్లగ కానిద్దాం."

ఒక చెంప మంచిగనే అయింది. దవడ కింద చురుక్కుమన్నది. బెంచంత లేచింది. "చూసిండ్రా? నెత్తురు!" వాడు కత్తి పక్కకు పెట్టి గోడకు ఆనుకున్నడు.

"మీ మామ ఎన్ని గాట్లు పెట్టలే నాకు? అప్పుడు ఒక్కలన్న లొల్లి చేసిండ్రా?" అన్న. "పటిక తే బిడ్డా. ఇంకో చెంప అట్లనే ఉన్నది."

వాడు కదలలే. నేను గూడ లేవలే. సగం గడ్డంతోని గట్లనే కూసున్న. ఆఖరికి పటిక తెచ్చి రుద్దిండు, కొత్త బ్లేడు ఎక్కించిండు, రెండో చెంప పూర్తిచేసిండు.

మేనమామ ఇంకా ఫికర్ల ఉన్నడు. "మీ ఒక్కరితోని కుర్చీ నడుస్తదా కాకా?"

"నా గడ్డం దినాం పెరుగుతది" అన్న.

తెల్లారి ఇంట్ల నుంచి పటిక ముక్క జేబుల ఏసుకొని, షట్టర్ లేవకముందే పోయి నిలవడ్డ.