ఎంక్వైరీ అత్తయ్య, కనుబొమల మధ్య రెండు గీతలు

మా అత్తయ్యకు ఒకే ఒక్క వ్యసనం ఉంది. తను ఎన్నటికీ కొనబోని వస్తువు ధర కనుక్కోవడం.

కొనే వస్తువుల విషయంలో ఆవిడ మితభాషి. సబ్బో, పంచదారో కావాలంటే వేలు చూపిస్తుంది, డబ్బిస్తుంది, సంచీ పట్టుకుని వచ్చేస్తుంది. అదే తనకు అక్కర్లేని వస్తువైతే దుకాణదారు ఎదురుగా కుర్చీ లాక్కుని మరీ కూర్చుంటుంది. ఎంత, ఎందుకంత, ఎన్నాళ్ళు మన్నుతుంది, పాడైతే ఎవరి పూచీ, ఇదివరకు కొన్నవాళ్ళు ఇప్పుడేమంటున్నారు... అన్నీ అడుగుతుంది. గొంతు తగ్గించడమనే విద్య ఆవిడకు ఎవరూ నేర్పలేదు. వీధి మలుపు దాకా అందరికీ ఆ వస్తువు గురించి సంపూర్ణ జ్ఞానం కలిగాక, "సరే నాయనా, ఆలోచిస్తాను" అని కళ్ళజోడు సర్దుకుని లేస్తుంది.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఎంక్వైరీ డెస్కులో కూర్చుంది. ఊళ్ళో ఎవరికి ఏ నంబరు కావాలన్నా ఆవిడే చెప్పేది. జీవితమంతా జవాబులు చెప్పిన మనిషి రిటైరయ్యాక ఆ కసి ప్రశ్నలతో తీర్చుకుంటోందని మా నాన్న సిద్ధాంతం. ఆ విధంగా, మనవల దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరికీ ఆవిడ ఎంక్వైరీ అత్తయ్య అయింది.

ఇంకో నియమం ఉంది. ఒంటరిగా వెళ్ళదు. "ఒక్కదాన్నే వెళితే కళ్ళు తిరుగుతాయి" అంటుంది. అందుచేత ప్రతి పరిశోధనకూ ఒక తోడు బలి కావాలి. నేను మొదటిసారి బలి అయింది ఒక విగ్గుల దుకాణంలో. నాకప్పుడు ముప్పై ఏళ్ళు కూడా లేవు.

"విగ్గు ఎంతండీ?"

దుకాణదారు ఆవిడ జడ వంక చూశాడు. నడుము దాటిన జడ. "ఎవరికమ్మా?"

"నాకే."

"మీకా?"

"ఏం, నేను పెట్టుకోకూడదా? తలంటుకునేటప్పుడు తియ్యాలా? మగవాళ్ళవి వేరుగా ఉంటాయా? అవి కూడా చూపించు. ఆఫీసుకి పెట్టుకెళితే పక్క సీటువాడు కనిపెడతాడా? గాలేస్తే ఎగురుతుందా?"

"కొంచెం ఎగురుతుందమ్మా" అన్నాడతను, పాపం నిజాయితీపరుడు.

నేను మెల్లిగా గుమ్మం వైపు జరగబోయాను. "ఎక్కడికిరా? ఇక్కడే నిలబడు. నాకు సరిగ్గా వినిపించదు" అంది. పక్కింట్లో పాలు పొంగితే మా ఇంట్లోంచి కేకేసి చెప్పే చెవులు ఆవిడవి.

ఆ చెవులతోనే మరోసారి వినికిడి యంత్రాలమ్మే చోటికి వెళ్ళి, పక్కవాటా వయొలిన్ మాస్టారిని తోడు కూర్చోబెట్టుకుని, "ఇది పెట్టుకుంటే సంగీతం సంగీతంలాగే వినిపిస్తుందా, రేకు డబ్బాలాగా వినిపిస్తుందా?" అని గంటసేపు వాదించింది. ఇంకోసారి మా భవనం వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని ట్యూషన్ సెంటరుకి వెళ్ళింది. "పెద్దవాళ్ళకి అ ఆల దగ్గర్నుంచి నేర్పుతారా? పిల్లల పక్కన కూర్చోబెట్టరు కదా?" అని అడిగింది. "ఎవరికండీ?" అంటే "నాకే" అంది. అప్పుడు ఆవిడ చంకలో ఆనాటి పేపరు ఉంది. అందులో గళ్ళనుడికట్టు పూర్తిగా నింపి ఉంది. ట్యూషన్ మాస్టారు దాన్ని చూసి ఏమనుకున్నాడో చరిత్రకు తెలియదు.

ఇక అసలు సంగతి. మా అక్కయ్య ఒక బస్సు కంపెనీలో ఫిర్యాదుల కౌంటరులో పనిచేస్తుంది. ఏళ్ళ తరబడి జనం గోడు వినీ వినీ ఆమె కనుబొమల మధ్య నిలువుగా రెండు గీతలు పడ్డాయి. అది కోపం కాదు, శ్రద్ధ. చిన్నప్పుడు లెక్కలు చేసేటప్పుడు కూడా అలాగే ముడిచేది. కానీ ఫిర్యాదు తెచ్చినవాడికి ఆ చరిత్ర ఎలా తెలుస్తుంది? "సూట్‌కేసు పోయిందని చెప్పుకోడానికొస్తే నామీద కళ్ళెర్రజేస్తారేంటండీ?" అని మొదలుపెడతాడు. ఒకాయనైతే సూట్‌కేసు సంగతి మరిచిపోయి అక్కయ్య ముఖం మీద ఫిర్యాదు రాసిచ్చాడు. దాన్ని కూడా అక్కయ్యే తీసుకుని, ముద్ర వేసి, రసీదిచ్చింది.

అలాంటివి నాలుగైదు పోగయ్యేసరికి మేనేజరు పిలిచాడు. ముఖం ప్రసన్నంగా లేకపోతే ఈ ఏడాది చివరికల్లా కౌంటరు నుంచి తీసేసి, పోయిన సామాన్ల గోదాములోకి మారుస్తానన్నాడు. ఆ సంగతి అక్కయ్య భోజనాల దగ్గర నవ్వుతూనే చెప్పింది. "గొడుగులకి నా ముఖం ఎలా ఉన్నా ఫర్వాలేదుట" అంది. మేమందరం నవ్వాం. ఆమె కంచంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ కౌంటరంటే ఆమెకు ప్రాణం. అత్తయ్య ఒక్కతే నవ్వలేదు. మజ్జిగ ఇంకొంచెం వడ్డించమంది.

తరవాతి ఆదివారం పొద్దున్నే కాఫీ తాగుతూ ప్రకటించింది: "నేను ముడతలకి ఇంజెక్షన్లు వేయించుకుందామనుకుంటున్నాను."

మా ఆవిడకు పొలమారింది. అత్తయ్యకు డెబ్బై దాటాయి. ఆవిడ ముఖంలో ముడత పడని చోటల్లా ముక్కు కొన ఒక్కటే.

"ఈ వయసులో ఎందుకు అత్తయ్యగారూ?" అంది మా ఆవిడ, దగ్గు సర్దుకుని.

"ముడతలు వచ్చింది ఈ వయసులోనే గదమ్మా. ఒరేయ్, నువ్వు కారు తియ్యి" అని అక్కయ్య వైపు తిరిగింది. "పెద్దమ్మాయ్, నువ్వు తోడు రావే. ఒక్కదాన్నే వెళితే..."

"...కళ్ళు తిరుగుతాయి" అన్నాం అందరం.

మొదటి చోట అన్నీ అద్దాలే. ఎటు చూసినా మా ముగ్గురి ముఖాలూ, ఆపైన ఆఫర్ల బోర్డులూ. టై కట్టుకున్న కుర్రాడు ఎదురొచ్చాడు.

"యూనిట్ రేటు మేడమ్. ఊరంతటికీ చౌక మాదే."

"యూనిట్ అంటే ఎంత?"

"యూనిట్ అంటే యూనిటే మేడమ్."

"ఒక ముఖానికి ఎన్ని పడతాయి?"

"అది వేశాక తెలుస్తుంది."

"అంటే దిగేటప్పుడు మీటరు చూసి చెప్తారన్నమాట. సూది ఎవరు వేస్తారు?"

"మా సారు."

"డాక్టరా?"

"చాలా సీనియర్ మేడమ్."

"ఎందులో?"

కుర్రాడు కొంచెం ఆలోచించాడు. "సీనియర్‌గానే మేడమ్" అన్నాడు.

రెండో చోట యూనిట్ల గొడవ లేదు. అక్కడ ముఖాన్ని ప్రాంతాల కింద విడగొట్టి, ప్రాంతానికింత అని రేటు కట్టారు. ఒకమ్మాయి తెల్ల పెన్సిలుతో అత్తయ్య ముఖం మీద సరిహద్దులు గీసింది. నుదురొకటి, కనుబొమల మధ్య ఒకటి, కళ్ళ అంచులు ఒకటి. "గడ్డం ఏ తాలూకాలోకి వస్తుందమ్మా?" అని అడిగింది అత్తయ్య, పెన్సిలుకి అడ్డం రాకుండా పెదవులు కదపకుండానే. మొత్తం ప్యాకేజీ ధర విన్నాక కిటికీలోంచి నా కారు వంక చూసుకున్నాను. అది అమ్మినా సగం ముఖానికి కూడా రాదు.

"ఆ కనుబొమల మధ్యది ఒక్కటే అయితే ఎంత?" అంది అత్తయ్య.

"మీకు అదొక్కటే చేస్తే మిగతా ముఖం అలాగే ఉండిపోతుంది కదా మేడమ్!"

"నా సంగతి అలా ఉంచు. నలభై ఏళ్ళ మనిషనుకో."

"మీకు నలభయ్యా?"

"అనుకోమన్నానమ్మా, రాసుకోమనలేదు. ఎన్నాళ్ళుంటుంది?"

"చాలా కాలం ఉంటుంది మేడమ్."

"చాలా కాలమని చెప్పి అమ్మిన మిక్సీ మా ఇంట్లో ఒకటుంది" అని అత్తయ్య లేచింది, సరిహద్దులతో సహా.

మధ్యలో ఒక బ్యూటీ పార్లరుకు కూడా వెళ్ళాం. అక్కడ అందరికంటే చౌక. ఫ్రిజ్ తలుపు తీసి మందు సీసా చూపించారు. మూత అప్పటికే తీసి ఉంది, పక్కనే ఎవరిదో టిఫిను డబ్బా. అత్తయ్య ధర గురించి ఒక్క మాట మాట్లాడలేదు. డబ్బాలో ఏం కూరో కనుక్కుని బయటికొచ్చేసింది. అక్కయ్య ఈ యాత్ర పొడుగునా నోరు విప్పలేదు. కానీ ప్రతి చోటా కుర్చీ అంచుకు జరిగి, కనుబొమలు ముడిచి, ప్రతి జవాబూ వింటోంది. పాపం, పెద్దావిడ మీద ఎంత శ్రద్ధో అనుకున్నాను నేను. నా తెలివి అలాంటిది.

చివరికి సైకిలు రిపేరు షాపు మీద మేడ గదిలో ఉన్న చర్మ వైద్యురాలి దగ్గరికి చేరాం. అక్కడ ఒక వింత జరిగింది. అత్తయ్య నోరు తెరవకముందే డాక్టరే ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏం మందులు వాడుతున్నారు, కండరాల జబ్బులేమైనా ఉన్నాయా, ఇదివరకు ఎక్కడైనా వేయించుకున్నారా? తన వృత్తిలో మరొకరు కనబడినందుకు అత్తయ్య ముఖం వెలిగిపోయింది.

"ఏదీ, కోపంగా చూడండి" అంది డాక్టరు.

"ఎవరి మీద?"

"మీ ఇష్టం."

అత్తయ్య నా వంక చూసింది.

డాక్టరు ఆవిడ నుదురు తడిమి చూసి తల అడ్డంగా ఆడించింది. "పెద్దమ్మగారూ, ఈ మందు కండరాన్ని కాస్త సడలిస్తుంది, అంతే. మీ ముడతలు చర్మంలోనే స్థిరపడిపోయాయి. మీరు పెట్టే ఖర్చుకి మీకు కనబడేదేమీ ఉండదు. నేను వెయ్యను."

"పోనీలెండి. మరి ముఖం చిట్లించినప్పుడు మాత్రమే కనుబొమల మధ్య లోతుగా గీతలు పడే మనిషికైతే?"

డాక్టరు అత్తయ్యను చూసింది. తరవాత అక్కయ్యను చూసింది. అక్కయ్య కనుబొమల మధ్య ఆ క్షణంలో చిల్లర నాణెం నిలబెట్టవచ్చు. డాక్టరుకు ఏదో అర్థమైనట్టుంది. కానీ కుర్చీ అటు తిప్పలేదు. అత్తయ్య కళ్ళలోకే చూస్తూ, గది చివరిదాకా వినిపించేలా చెప్పింది.

"అలాంటి మనిషికి పనిచేస్తుంది. ఎన్ని యూనిట్లు పడతాయో, మొత్తం ఎంతవుతుందో ముందే చెప్తాను. సీసా ఎదురుగానే తెరుస్తాను, నేనే వేస్తాను. మూడు నాలుగు నెలలుంటుంది. అందుకని ఒక్కసారి ఖర్చు చూసుకోకండి, ఏడాది ఖర్చు చూసుకోండి. రెండు వారాల తరవాత వచ్చి చూపించుకోవాలి. దానికి ఫీజు లేదు."

"మానేస్తే?"

"పాత ముఖమే తిరిగొస్తుంది. ముందున్న దానికంటే పాడవదు."

"తేడా వస్తే?"

"ఎప్పుడైనా కనురెప్ప కాస్త వాలచ్చు. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నా చేతిలోనూ ఒకరికి అలా అయింది. తగ్గేదాకా నేనే చూశాను."

"ఆ మనిషి మళ్ళీ మీ మొహం చూసిందా?"

"రోజూ చూస్తుంది. బయట మీ పేరు రాసుకున్నది ఆవిడే."

ఈసారి అత్తయ్య గొంతు తగ్గించింది. నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. "వేయించుకుంటే నలుగురూ నవ్వరూ?"

"నవ్వడానికి ముందు వాళ్ళకి తెలియాలి కదమ్మా. నా దగ్గరికి ఎవరొచ్చారో నేను ఎవరికీ చెప్పను."

అప్పుడు అక్కయ్య కనుబొమలు మందు లేకుండానే విడిపోయాయి.

తిరిగొస్తుంటే సిగ్నలు దగ్గర ఆగాక వెనక సీట్లోంచి అక్కయ్య చిన్నగా అడిగింది: "అత్తయ్యా, ఆవిడ శనివారాలు ఉంటుందంటావా?"

"అయ్యో, అదొక్కటే అడగడం మరిచిపోయానే. నువ్వే ఫోన్ చేసి కనుక్కో" అంది అత్తయ్య. ప్రశ్న మరిచిపోవడం ఆవిడ జన్మలో లేదు.

పచ్చలైటు పడింది. నేను కదల్లేదు. వెనక బళ్ళన్నీ హారన్లు కొడుతున్నాయి. నా కళ్ళముందు మాత్రం విగ్గుల దుకాణం కదులుతోంది. మగవాళ్ళవి వేరుగా ఉంటాయా? ఆఫీసులో పక్క సీటువాడు కనిపెడతాడా? ఆ విగ్గు ధర నాకు ఈనాటికీ గుర్తుంది. అక్కర్లేనివాడికి అంత బాగా గుర్తుండదు. కొంచెం ఎగురుతుందన్న ఆ ఒక్క మాటతోనే నేను ఆశ వదులుకుని, బట్టతలతో రాజీపడి హాయిగా ఉన్నాను. వయొలిన్ మాస్టారు చెవిలో ఇప్పుడు చిన్న యంత్రం ఉంది. మా వాచ్‌మన్ పొద్దున్నే పేపరు ముందు తను పైకి చదివి గానీ మాకివ్వడు.

"అత్తయ్యా, ఎలా కనిపెడతావు నువ్వు?" అన్నాను.

"ముందు బండి కదుపు. ఎంక్వైరీలో ఉన్నప్పుడు జనం ఫోన్ చేసి ముందు టైమెంతయిందని అడిగేవాళ్ళురా. తరవాత స్టేషన్ నంబరు. ఆ తరవాత గానీ, ‘ఊరికే అడుగుతున్నానండీ, పిల్లలు పుట్టనివాళ్ళకి చూసే డాక్టరు నంబరేమైనా...’ అని నసిగేవాళ్ళు కాదు. ఊరికే అడుగుతున్నానన్నవాళ్ళెవరూ ఊరికే అడగరు. నాకు బొత్తిగా సిగ్గులేదని మీ నాన్న అనేవాడు. నిజమే. అక్కర్లేనిది పెట్టుకుని ఏం చేసుకోను?"

అక్కయ్య శనివారం వెళ్ళొచ్చింది. కౌంటరు నిలిచింది. గోదాములో గొడుగులు ఆమె కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాయి. ఆ మధ్య ఒకాయన మాత్రం, తన సామాను పోయిందని చెబితే ఈవిడకు చీమ కుట్టినట్టయినా లేదని ఫిర్యాదు రాసిచ్చాడు. అక్కయ్య దానికీ రసీదిచ్చింది.

మొన్న ఆదివారం అత్తయ్య మళ్ళీ బయల్దేరింది, ఈసారి వైద్య పరికరాల దుకాణానికి. తోడుకి నేనూ, మా ఆవిడా.

"గురక ఆపే యంత్రం ఎంతండీ? అది పెట్టుకుంటే పక్కన పడుకున్నవాళ్ళకి నిద్ర పడుతుందా?"

"ఎవరికమ్మా?"

"నాకే."

అత్తయ్య పిల్లికంటే నిశ్శబ్దంగా నిద్రపోతుంది. మా ఆవిడ అప్పటికే కౌంటరు మీదికి వంగి, దుకాణదారు చెప్పేది ఒక్క అక్షరం పోకుండా వింటోంది. ఆమె కళ్ళ కింద నల్లటి చారలు నేను మొదటిసారి చూశాను. మెల్లిగా గుమ్మం వైపు జరిగాను.

"ఎక్కడికిరా? ఇక్కడే నిలబడు. నాకు సరిగ్గా వినిపించదు."

నిలబడ్డాను.