మాన్‌బోక్ చేను ఖాళీగా కనబడిన సంగతి

ప్యో మాన్‌బోక్ కోతలు మొదలుపెడితే కొరియాలోని సోంగ్‌చోన్ ఊరి చావడిలో అన్నం కుక్కర్ కూడా కూత ఆపి వినేదట. కల్పించి చెప్పింది కుక్కర్ సంగతొక్కటే, మిగతాదంతా జరిగిందే.

అరవై ఎనిమిదేళ్ళ మాన్‌బోక్‌కి పావెకరం మిరప చేను ఉంది. తను పార ముట్టి పదేళ్ళయిందని, గట్టు మీద నిలబడి ఒక్క చూపు చూస్తే కలుపు దానంతటదే ఎండిపోతుందని చెప్పేవాడు. పక్క చేను ఓమ్ సున్నే ముసలమ్మ వీపున డబ్బా తగిలించుకుని కాయకుళ్ళుకు మందు కొడుతుంటే, "అక్కా, ఆ తెగులుకి నా పేరు చెప్పు, పారిపోతుంది" అన్నాడు.

ఆగస్టు వానలకి తెగులు వచ్చింది. మాన్‌బోక్ పేరు అదేం పట్టించుకోలేదు. పది రోజుల్లో చేనంతా పోయింది. మొక్కలన్నీ పీకి చేను గట్టునున్న షెడ్డులో టార్పాలిన్ కింద కుక్కేశాడు. ముందే కోసి పట్నం వ్యాపారికి అమ్మేశానని చెప్పి చావడిలో అందరికీ మక్కోల్లి అనే బియ్యపు కల్లు పోయించాడు.

సెప్టెంబరులో కౌంటీ ఆఫీసు నుంచి గిల్ హెవోన్ అనే ఉద్యోగిని వచ్చింది. ప్రభుత్వ సాయం పడేముందు నిజంగా సేద్యం చేసేదెవరో, కాగితం మీద మాత్రమే రైతులెవరో తేల్చడం ఆమె పని. సేద్యం లేదని రాసిందంటే ఈ ఏటి సాయం పోవడమే కాదు, కొన్నేళ్ళ పాటు దరఖాస్తు కూడా పెట్టనివ్వరు.

మాన్‌బోక్ చేను ఖాళీగా కనబడింది. చావడిలో అడిగితే ముసలాళ్ళు నవ్వుతూ అతని మాటలే అప్పజెప్పారు. పార ముట్టడనీ, చూపుతో కలుపు చంపుతాడనీ చెప్పారు. గిల్ నవ్వలేదు, రాసుకుంది.

ప్రతి రైతూ రాయాల్సిన సేద్యపు డైరీ అడిగింది. అందులో, మే పన్నెండున నాటిన నారు సాయంత్రానికి మోకాలెత్తు పెరిగింది. జూన్‌లో కాయల బరువుకి కర్రలు విరిగి ఇనప కడ్డీలు పాతాల్సి వచ్చింది.

"పెద్దాయనా, ఇది నేనెక్కడ జతచెయ్యను? రసీదులేమన్నా ఉన్నాయా?"

నారు తనే పోసుకున్నాడు, పెంట సున్నే పశువులది. రసీదు ఒక్కటీ లేదు. సున్నే కంగారుపడి, రోజూ చేలోనే ఉంటాడమ్మా అంది. ఇందాక మరోలా చెప్పారుగా అని గిల్ గుర్తు చేసింది. కనీసం పంట కొన్న వ్యాపారి నంబరివ్వమని ఫోను తీసింది.

 మాన్‌బోక్ లేచి అందరినీ షెడ్డుకి తీసుకెళ్ళి టార్పాలిన్ లాగాడు. కంపు గుప్పుమంది.

"పదకొండు వందల మొక్కలు. అమ్మింది ఒక్క కాయ లేదు. మందు కొట్టలేదు నేను. కొట్టుంటే బతికేవి."

గిల్ కూర్చుని ఒక మొక్క తిప్పి చూసింది. మొక్క పడిపోకుండా కాండానికి కట్టిన తాడు ముడులు ఇంకా ఉన్నాయి.

"తాడు ఎన్ని వరసలు కట్టారు?"

"మూడు."

మరో రోజైతే పది అనేవాడు. గిల్ ఫొటోలు తీసుకుంది. పంట దక్కిందా లేదా అన్నది తనకక్కర్లేదని, సేద్యం జరిగిందని రాస్తున్నానని చెప్పి సంతకం పెట్టించుకుంది. సాయం పడుతుంది.

ఆమె వెళ్ళాక ముసలాళ్ళెవరూ నవ్వలేదు. సున్నే మాత్రం ముక్కుకి కొంగులా తువ్వాలు అడ్డం పెట్టుకుని కుప్ప దగ్గరికొచ్చింది.

"ఏరా, ఈ రోగాన్ని నా చేను పక్కనే దాచావా? కొట్టాల్సిన మందంతా కొట్టినా నాకు ఆరు సాళ్ళు ఎందుకు పోయాయా అనుకుంటున్నా."

మాన్‌బోక్ దగ్గర దానికి కథ లేదు. "తప్పయిందక్కా" అన్నాడు. కుప్పని చేలకి దూరంగా తీసుకెళ్ళి పూడ్చడానికి ఆవిడ పవర్ టిల్లర్ ట్రాలీ తెప్పించింది. ఇద్దరూ చేతులకి తొడుగులేసుకుని, చీకటి పడేలోపు కుప్పంతా ఎక్కించారు.