బాపుకు పడడం నేర్పాను

నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. కోరుట్లలో చీరల షాపులో పనికి కుదిరిన ఏడాది, మెట్‌పల్లి బస్సులో ఒకడు పదే పదే మోచేత్తో పొడుస్తుంటే నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండేది. కొట్టడం నేర్చుకోవాలి, అంతే అనుకున్నాను.

మొదట కరాటే క్లాసుకు పోయాను. వరసలో నా ముందున్నవాళ్లంతా రెండో తరగతి పిల్లలు. వాళ్లతో కలిసి అరవమంటే గొంతు పెగల్లేదు. షాపులో "రండక్కా, చూడండక్కా" అని పొద్దంతా అరిచేదాన్ని, అక్కడ సిగ్గుతో చచ్చిపోయాను. జగిత్యాలలో జూడో నేర్పుతారని షాపులో ఎవరో చెబితే ఒక ఆదివారం పోయి చూశాను. నా ఈడు అమ్మాయి ఒకామె, తనకు రెండింతలున్న మనిషిని భుజం మీది నుంచి మూటలా తిప్పి పడేసింది. ఇదే నాకు కావాల్సింది అని ఆ రోజే చేరాను.

తీరా చేరాక సారు నన్ను ఎవరినీ పడేయనివ్వలేదు. "ముందుగాల నువ్వు పడుడు నేర్సుకోమ్మా" అన్నాడు. నాకు దిమ్మ తిరిగిపోయింది.

మా ఇంట్లో పడడమన్న ముచ్చటే ఎత్తం. మా బాపు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. రెండేళ్ల కింద, దిగుతూ దిగుతూ, నడుముకు కట్టుకున్న మోకు జారి పడిపోయాడు. పడుతూ చెయ్యి ఆనించాడు. కుడి మణికట్టు విరిగి, వంకరగా అతుక్కుంది. ప్రాణం దక్కింది, అదే గొప్ప. అవ్వ, అంటే మా అమ్మ, ఆ వంకర చేతినే తన తల మీద పెట్టించుకుని, మళ్లీ చెట్టెక్కనని ఒట్టు వేయించింది. అప్పటి నుంచి మోకు గోడ మేకుకు వేలాడుతుండేది, బాపు రైస్ మిల్లు గేటు దగ్గర కూర్చునేవాడు. ఒట్టు నిలుపుకున్నాడని అవ్వకు నమ్మకం. నాకూ అంతే.

మ్యాట్ మీద వెనక్కి పడమంటే నా ఒళ్లు కట్టెలా బిగుసుకునేది. చెయ్యి దానంతటదే వెనక్కి పోయేది. "చెయ్యి ఆనియ్యకు, ఇరుగుతది. గదుమ ఛాతికి పెట్టు, ఈపు గుండ్రంగ చెయ్యి" అని సారు నాలుగు ఆదివారాలు అదే పాట పాడాడు. ఐదో ఆదివారం చెయ్యి పెట్టకుండా పడ్డాను. ఎక్కడా నొప్పి లేదు. ఎంత సంబరమైందో చెప్పలేను.

తెల్లారి, అవ్వ తను చుట్టిన బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకు పోగానే, వాకిట్లో బొంత మడతపెట్టి పరిచి బాపుకు పడి చూపించాను.

"చెయ్యి పెట్టద్దా?" అన్నాడు.

"పెట్టద్దు బాపూ. నువ్వు పెట్టినవ్ గనుకనే ఇరిగింది."

"గా ముక్క నాకెవ్వలు చెప్పలే బిడ్డా."

తనకూ నేర్పమన్నాడు. యాభై దాటిన మనిషి. సారు నాకు చెప్పినట్టే, ముందు గొంతుక్కూర్చోబెట్టి మొదలుపెట్టించాను. రోజూ అవ్వ అటు పోగానే మేమిద్దరం పడేవాళ్లం. బాపు లేచి దుమ్ము దులుపుకుని నవ్వేవాడు. రెండేళ్లుగా ఆయన నవ్వగా నేను చూడలేదు. నా కడుపు నిండిపోయేది, తెలివితక్కువదాన్ని.

ఒక పొద్దున లేచి చూస్తే మేకు ఖాళీగా ఉంది. కాసేపు నాకేమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక చెప్పులు కూడా వేసుకోకుండా తాళ్ల తోపు వైపు ఉరికాను.

అవ్వ అప్పటికే చెట్టు మొదట్లో నిలబడి ఉంది. బాపు పైన, మట్టల దగ్గర ఉన్నాడు. చెట్టు మీదున్న మనిషిని మేం కింద నుంచి పిలవం. పిలిస్తే కిందికి చూస్తాడు, చూస్తే పట్టు తప్పుతాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నేనూ నోరు మూసుకుని నిలబడ్డాను. నేను నేర్పింది మనిషెత్తు నుంచి బొంత మీద పడడం. అంత ఎత్తు నుంచి అదెందుకు పనికొస్తుంది? ఆయన దాన్నే నమ్ముకుని ఎక్కాడా? అది పనికిరాదన్న ఆ ఒక్క మాట నేను చెప్పనే లేదు.

బాపు కాలు నేల మీద ఆనేదాకా ఇద్దరం కదల్లేదు. ఆనగానే అవ్వ ఇంటికి మర్లిపోయింది. నేను ఏడుస్తూ ఆయన మీద పడ్డాను.

"గంత మీదికెల్లి పడితె నేను నేర్పింది పనికస్తదనుకున్నవా?"

"పనికి రాదు బిడ్డా. గా మాత్రం నాకెర్క లేదా?" అన్నాడు, మోకు చుట్టుకుంటూ.

"మరి ఎందుకెక్కినవ్?"

"నేను ఒట్టుకు ఆగిన్నని మీ అవ్వ అనుకుంటంది. మళ్ల పడి సస్తనన్న బుగులుకు ఆగిన. మిల్లుకు పోంగ గీ తాళ్ల దిక్కు తల గూడ తిప్పకపోతుంటి. నీతోని రోజు పడంగ పడంగ బుగులు పోయింది. రేపు గూడ ఎక్కుత."

ఇంటికి వచ్చేసరికి అవ్వ వాకిట్లో అదే బొంత పరుచుకుని కూర్చుని ఉంది.

"నేను కార్ఖానకు పోంగనె మీరేం చేస్తున్నరో నాకు తెల్వదనుకున్నవా?" అంది. "ఆయినె నవ్వుతుండని ఊకున్న. సరే, పడేటోళ్లకు నేర్పినవ్. చెట్టు కింద నిలవడేటోళ్లకు మీ సారు ఏమన్న నేర్పుతడా, అడిగి రా."

జూడోకు ఇప్పటికీ పోతున్నాను. ఆ మాట సారును ఇంకా అడగలేదు.