అటుగా వెళ్తున్న మనిషి

నేను తీసిన ఫోటోల్లో జనం మెచ్చుకున్నది ఒకే ఒక్కటి. దాన్ని ఎవరైనా గుర్తుచేస్తే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

డునెడిన్‌లో నాది ఆసుపత్రి ల్యాబ్‌లో పగటి ఉద్యోగం. మా ఆయనది ఒక కోల్డ్ స్టోరేజీలో రాత్రి షిఫ్టు. ఆయన ఇంటికొచ్చే వేళకి నేను చెప్పులు వేసుకుంటూ ఉంటాను. గుమ్మంలో కాపురం అని ఆయనే ఎగతాళి చేస్తుంటారు. ఇద్దరం కలిసి మెలకువగా ఉండేది శనివారం పొద్దున. ఆ కాస్త పొద్దుని కూడా నేను నా కెమెరాకి రాసిచ్చేశాను. ఆయన షిఫ్టు దిగి, నిద్రైనా పోకుండా, నన్ను కొండల వెనక లోయలోకి తీసుకెళ్ళేవారు. నాకు డ్రైవింగ్ రాక కాదు, రోడ్డు మీద ఐసుకి కారు జారుతుందని ఆయన భయం. దారి పొడవునా కబుర్లు చెప్పుకునేవాళ్ళం. వారం మొత్తానికి మా కాపురం ఆ కారులోనే.

భూమికి ఈ దక్షిణపు కొసన జూలై అంటే నడిచలికాలం. ఆ జూలై పొద్దున లోయంతా పొగమంచు. ఏటి ఒడ్డున విల్లో చెట్లు ఆకులన్నీ రాల్చేసి ఉన్నాయి. రాత్రి మంచు కొమ్మల మీదే గడ్డకట్టి, ప్రతి పుల్లకీ తెల్లటి నూగు పట్టింది. తొమ్మిదైనా వెలుతురు లేదు. అలాంటి వెలుతురులో షట్టర్ సెకను పైగా తెరిచి ఉంచాలి. కెమెరాని స్టాండుకి బిగించి, మన ఊపిరి అద్దానికి తగలకుండా మొహం పక్కకి తిప్పి వదలాలి. అంత తెలుపుని చూసి కెమెరా కంగారుపడి అంతా బూడిదరంగు చేసేస్తుంది, మనమే కాస్త వెలుగు పెంచాలి. ఇవన్నీ చేశాను. ఫోటోలో చెట్లున్నాయి, మంచుంది, ప్రాణం మాత్రం లేదు.

"ఏవండీ, ఆ రెండు చెట్ల మధ్యకెళ్ళి నిలబడతారా?"

"నేనా? నీ చెట్ల అందం పాడైపోదూ?" అంటూనే బయల్దేరారు.

"ఒడ్డు వెంబడి వెళ్ళండి, గడ్డి తొక్కకండి! అడుగులు పడతాయి!" అని వెనక నుంచి అరిచాను.

తీరా నిలబడ్డాక చూస్తే ఆయన ఒంటి మీద కంపెనీ జాకెట్. మందపాటిది, నారింజరంగుది, చీకట్లో మెరిసే పట్టీలున్నది. అంత తెలుపులో అదొక్కటే కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

"ఆ జాకెట్ తీసేయండి. ఫోటో అంతా అదే ఉంది."

"చలేస్తుందే."

"రెండు నిమిషాలు! రాత్రంతా ఫ్రీజర్‌లో పనిచేసే మనిషికి చలేంటండీ?"

నవ్వుతూనే అన్నాను. ఆయన కూడా నవ్వి, జాకెట్ తెచ్చి నాకిచ్చి, పాత బూడిదరంగు స్వెట్టరుతో వెనక్కి వెళ్ళారు. ఆ జాకెట్‌ని నేనేం చేశానో చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది. కెమెరా బ్యాగు తడుస్తుందని దాని కింద పరిచాను.

రెండు నిమిషాల్లో అవలేదు. పొగమంచు ఒకసారి ఆయన్ని పూర్తిగా మింగేసేది, ఒకసారి మరీ పలచబడేది. కదిలితే మనిషి బొమ్మ చెదిరిపోతుంది కాబట్టి "కదలొద్దు, కదలొద్దు" అని అరుస్తూనే ఉన్నాను. ఆయన కదల్లేదు. తిరిగొచ్చాక కారు తాళం తిప్పడానికి ఆయన వేళ్ళు వంగలేదు. ఫ్లాస్కు మూత నేనే తీసిచ్చాను.

"వచ్చిందా?"

"సూపర్‌గా వచ్చింది."

"అయితే నేను హీరోనన్నమాట" అని తెగ సంబరపడిపోయారు.

మా ఫోటో క్లబ్బు నెలకోసారి కలుస్తుంది. తలా ఒక ప్లేటు తినేది పట్టుకెళ్ళడం ఇక్కడి పద్ధతి. తన ఫోటో తెర మీద పడుతుందని ఆ రాత్రి ఆయన సెలవు పెట్టి, మసాలా వడలు వేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వచ్చారు. వెళ్ళి వెనక వరసలో కూర్చున్నారు.

ఫోటోల మంచీచెడూ చెప్పడానికి వచ్చిన పెద్దావిడ నా ఫోటో రాగానే ఆగిపోయింది. "ఈ మనిషిని చూడండి" అంది. "ఇంత మంచులో ఒంటి మీద కోటు కూడా లేదు. నా అన్నవాళ్ళు ఎవరూ లేనట్టున్నాడు. ఫోటోకి ప్రాణమంతా అక్కడే ఉంది." తర్వాత నా వైపు తిరిగింది. "ఎవరతను? నీకు తెలిసినవాడా?"

అందరూ నన్నే చూస్తున్నారు. వెనక వరసలో మా ఆయన మొహమంతా నవ్వుతో అప్పటికే సగం లేచారు. మా ఆయనే అంటే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. మరి అతని కోటేది?

"తెలీదు" అన్నాను. "ఎవరో, అటుగా వెళ్తున్నాడు."

"అదృష్టమంటే నీదే" అందావిడ. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన మెల్లగా కూర్చుని, ఆయన కూడా కొట్టారు.

టీ దగ్గర ఒక ముసలాయన వడ తింటూ, మీరు కూడా ఫోటోలు తీస్తారా అని ఆయన్ని అడిగాడు. "లేదండీ, నేను ఆవిడ డ్రైవర్ని, అంతే" అన్నారు నవ్వుతూ. పక్కనే ఉన్న నేను ఖాళీ ప్లేట్లు పోగేసుకుని సింకు దగ్గరికి వెళ్ళిపోయాను.

కారులో "ఏదో కంగారులో అలా..." అని మొదలుపెట్టాను. "పర్లేదులే" అన్నారు. తిట్టుంటే బాగుండేది. నాకు నోరెక్కువ, తిరిగి నాలుగు మాటలు అనేసి గట్టెక్కేదాన్ని. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు.

ఆ శనివారం మళ్ళీ పొగమంచు పడింది. ఆయన షిఫ్టు నుంచి వచ్చేసరికి ఫ్లాస్కులో టీ పోసి, స్టాండు గుమ్మం దగ్గర పెట్టి ఎదురుచూస్తున్నాను. ఆయన బూట్లు విప్పి పక్కన పెట్టారు.

"నువ్వెళ్ళిరా" అన్నారు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అటుగా ఎవరో ఒకరు వెళ్తూనే ఉంటార్లే."

వెళ్ళి పడుకున్నారు. నేను రోషం కొద్దీ కారు తీసుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. అవే చెట్లు, అదే నూగు, అదే మసక వెలుతురు. కెమెరాలోంచి చూస్తే రెండు చెట్ల మధ్య చోటు ఖాళీగా ఉంది. అక్కడ అటుగా వెళ్ళేవాళ్ళెవరుంటారు? ఒక్క ఫోటో కూడా తీయబుద్ధి కాలేదు. వెనక సీట్లో ఆయన జాకెట్ ఉంటే నా కోటు మీద అది కూడా వేసుకుని, వెళ్ళి ఆయన నిలబడ్డచోట నిలబడ్డాను. కాళ్ళ కింద నుంచి చలి ఎక్కింది. చెవులు మండాయి, దవడలు కొట్టుకున్నాయి. నన్ను కదలొద్దని అరిచేవాళ్ళెవరూ లేరు కాబట్టి, కాసేపటికే కారు దగ్గరికి పరిగెత్తుకొచ్చేశాను.