ట్యాంకు మూత మీద గంధం బొట్టు

మొన్న ఆయుధపూజకు మా ఆయన బైకుకు గంధం పూస్తుంటే, పెట్రోలు వాసనా గంధం వాసనా కలిసి నన్ను కెలమంగలం దగ్గర మా బావిగట్టు మీదికి తీసుకుపోయాయి. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, తాడు చుట్టి లాగితే బావి నీళ్లు తోడే కిరోసిన్ ఇంజను.

ఆ ఏడు అప్పుడే టమాటా నారు నాటాం. పూజ మరునాడు ఇంజను పది నిమిషాలు ఆడి, నీరసించి, ఆగిపోయింది. కాసేపాగి లాగితే మళ్లీ అంతే. నాయన ప్లగ్గు తుడిచాడు, ఫిల్టరు కడిగాడు. మధ్యాహ్నానికి నారు తలలు వాల్చేసింది.

"పూజ సరిగా చేసినావా లేదా?" అని అమ్మను కసిరాడు.

"మూత గూడా వదలకుండా గంధం పూసినాను గదా."

నాయన గబుక్కున ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమని గాలి లోపలికి పోయింది. మూతకున్న సన్నటి రంధ్రం ఎండిన గంధంతో పూడిపోయింది. గాలి అందక కిరోసిన్ దిగడం లేదు. పుల్లతో పొడిచాక ఇంజను పొద్దుగూకేదాకా ఆడింది.

"నా చేత్తోనే పైరు ఎండబెట్టినాను," అని అమ్మ ఏడ్చింది.

మరుసటి ఏడు ఆమె గంధం గిన్నె ముట్టలేదు. నాయనే ఆమె వేలు పట్టుకుని గంధంలో అద్ది, మూత మీద రంధ్రం పక్కకు జరిపాడు. "ఈడ పెట్టు. నువ్వు పెట్టందే నేను తాడు లాగను."

అమ్మ చనిపోయిన ఏడు ఆయుధపూజకు నాయన ఇంజనును శుభ్రంగా తుడిచాడు. తాడు మాత్రం లాగలేదు.