గాజుల దుకాణంలో ఎనభయ్యో పోర్టు

చార్మినార్ పక్క గల్లీలోని గాజుల దుకాణాన్ని ప్రపంచమంతటికీ చూపించిన మొనగాణ్ణి నేనే. రెండువేల దశకంలో కంప్యూటర్లు బాగుచేస్తూ తిరిగేవాణ్ణి. ఆ దుకాణంలోని కంప్యూటర్‌నే వెబ్ సర్వర్‌గా మార్చి గాజుల ఫోటోలు పెట్టాను. అక్కడ కూర్చుని చూస్తే అన్నీ కనిపించేవి. సౌదీలోని జెడ్డా నుంచి గాజులు బేరమాడుతున్న ఒక పెళ్లికూతురికి మాత్రం ఏమీ కనిపించలేదు.

"ఏంది భాయ్, పొద్దుమూకే లోపల ఆమె పసంద్ చెయ్యకుంటే బేరం పక్క దుకాణానికి పోతది," అన్నాడు యజమాని.

కంప్యూటర్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ బయటివాళ్లను ఆపుతోందనీ, అందులో ఒక పోర్టు, అంటే తలుపులాంటిది, తెరవాలనీ చెప్పాను. ఆయన హడలిపోయాడు. "తెరిస్తే లోపలి హిసాబ్ గిట్ల చూడరా?"

"దుకాణం తెరిస్తే గిరాకీలు ఎనక పర్దా దాటి మీ ఇంట్లకొస్తున్నరా భాయ్?"

"వస్తే మా అమ్మీ చెప్పుతో కొడ్తది!"

"గట్లనే ఇదీ. ఫోటోలు చూసే ఎనభై నంబరు పోర్టు ఒక్కటే తీస్తున్న."

తీసి, ఎదురుగా ఉన్న ఇంటర్నెట్ సెంటర్‌కు పరుగెత్తి చూశాను. గాజులు మెరుస్తున్నాయి. ప్రపంచమంతా అన్నాను గానీ, నిజానికి ఆ సాయంత్రం బయటినుంచి చూసింది నేనూ, ఆ పెళ్లికూతురూ అంతే.

కాసేపటికి ఆమె ఫోన్ చేసింది. యజమాని మొహం విప్పారింది. "పచ్చవి పసందైనయంట! ఒక్కో ఫోటో తెరుచుకునే లోపల ఒక్కో చాయ్ తాగిందంట!"

అంత ఓపిక ఉన్న రోజులవి.