వెండి అట్లకాడ

తడిపిన విభూదికి ఒక వాసన ఉంటుంది, చల్లగా, కొంచెం మట్టిగా. పోయిన శుక్రవారం ఆష్‌బర్న్‌లో మా సింకు దగ్గర నిలబడి, నల్లబడ్డ వెండి అట్లకాడని ఆ విభూదితో రుద్దుతుంటే ముందు కాడ తెల్లబడింది, తర్వాత చిల్లుల లతలు బయటపడ్డాయి, చివరికి రేకు మధ్య చెక్కిన చేప పొలుసులతో సహా తేలింది, నాకు మళ్ళీ పదేళ్ళొచ్చాయి. అట్లకాడ అనేది అమ్మ పెట్టిన పేరు. అది ఎప్పుడో ఇంగ్లండులో చేసిన వడ్డించే సామాను, దాని మీద ఒక్క అట్టయినా తిరగలేదు.

మేం అప్పుడు ఎడిసన్‌లో ఉండేవాళ్ళం. వేసవి శనివారాల్లో నాన్న కారు తీస్తే, కరెంటు స్తంభాలకి అంటించిన పసుపు అట్టల మీది బాణం గుర్తులు చూసుకుంటూ, ఎవరో పెద్దవాళ్ళు పోయాక సామానంతా అమ్మకానికి పెట్టిన ఇళ్ళకి వెళ్ళేవాళ్ళం. కలరా ఉండల వాసన కొట్టే ఆ గదుల్లో నేను బొమ్మలు వెతుక్కునేదాన్ని, నాన్న స్క్రూడ్రైవర్లు ఏరుకునేవాడు, అమ్మ మాత్రం వెండి కోసం చూసేది. ఆమె పెళ్ళినాటి వెండంతా ఇండియాలో లాకర్‌లో ఉండిపోయింది, ఇక్కడికి వచ్చింది ఒక్క కుంకుమ భరిణె. వరలక్ష్మీ వ్రతానికి ఆంటీలందరి ఇళ్ళల్లో వెండి గిన్నెలు మెరుస్తుంటే మా ఇంట్లో స్టీలే. ఎవరూ ఒక్క మాటా అనేవారు కాదు గాని, అమ్మ ముఖం చిన్నబోవడం నాకు తెలిసేది.

ఒక శనివారం నల్లటి చాకుల మధ్య అమ్మకి ఇది దొరికింది. కొంగుతో తుడిచి, కాడ వెనక అసలు వెండని కొట్టిన ఆవగింజంత సింహం ముద్రని గోటితో తడిమి, దేనికని అడిగింది. అమ్మే ఆవిడకీ తెలియదు, ఏదైనా వడ్డించుకోవచ్చంది. కారెక్కాక అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, “ఇటు మత్స్యావతారం, అటు నరసింహస్వామి. స్వామి ఇన్ని ఇళ్ళు దాటుకుని మనింటికి నడిచొచ్చాడే” అంది. ఆమె అంత నెమ్మదిగా, అంత సంతోషంగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

ఆ ఏడాది శ్రావణం మా ఇంట్లో వెలిగిపోయింది. చక్రపొంగలిలో పచ్చకర్పూరం, పూర్ణం బూరెల వేడి నూనె, కిటికీ బయట కీచురాళ్ళ రొద, స్ప్రింక్లర్ నీళ్ళలో తడిసొచ్చి తడికాళ్ళతో కార్పెట్ తొక్కినందుకు పిల్లలందరికీ తిట్లు, వీటన్నిటి మధ్య అమ్మ పట్టుచీరలో వంగి ఆ అట్లకాడతో పులిహోర వడ్డిస్తుంటే అందులోని ఇంగువకి, ఆవపిండికి వెండి కమిలిపోయేది. మర్నాడు పొద్దున్నే విభూదితో తోమి, దేవుడి అరలో అమ్మవారి పక్కన పెట్టేది. ప్రతి శుక్రవారం నైవేద్యం దాంతోనే.

మరుసటి వసంతంలో ఎమిలీ వాళ్ళింటికి వెళ్ళాను. ఎమిలీ నా క్లాసు పిల్ల. ఈస్టర్‌కి ముందు వాళ్ళు శుక్రవారాలు మాంసం మానేసి చేప తింటారు. వాళ్ళ గ్రాండ్‌మా బల్ల మీదికి తెచ్చింది అచ్చం మా అట్లకాడే, అవే చిల్లులు, అదే చేప. దాని అంచుకి సాల్మన్ తోలు అంటుకుని ఉంది. అది చేపలకి మాత్రమే వాడతారని, చిల్లులు నీరు కారడానికని ఆవిడ నాకు ముద్దుగా వివరించింది. గుడ్డు కూడా గడప దాటని ఇల్లు మాది. ఆ వసంతమంతా, ఆ వేసవంతా శుక్రవారం వస్తే నాకు భయం వేసేది. ప్రసాదం కళ్ళకద్దుకుని గబుక్కున మింగేసేదాన్ని. చెబితే అమ్మ ఏమైపోతుందోనని చెప్పలేదు.

అలా దాచినదాన్ని చివరికి కోపంలో బయటపెట్టాను. వ్రతం రోజునే ఎమిలీ పుట్టినరోజు. పూజయింది, ఆంటీలు పళ్ళేలు పట్టుకుని కూర్చున్నారు, నేను వెళ్తానని కొంగు పట్టుకుని వేధిస్తున్నాను. అమ్మ వడ్డన ఆపకుండా, “వాళ్ళు చేపలూ మాంసాలూ వండే గిన్నెల్లో తింటావా, సిగ్గు లేదూ?” అంది. అందరూ నవ్వారు.

“నువ్వు కూడా దాంతోనే పెడుతున్నావు కదా” అన్నాను. “అది ఫిష్ సర్వ్ చేసేది. ఎమిలీ గ్రాండ్‌మా చెప్పింది. మత్స్యావతారం కాదు, ఉత్త ఫిష్.”

నవ్వు ఆగిపోయింది. ఒక ఆంటీ పళ్ళెం మెల్లగా నేలమీద పెట్టింది. ఇంకొకావిడ, “పర్లేదులే వదినా, తెలీక కదా” అంటూనే చెయ్యి కడుక్కోడానికి లేచింది. పావుగంటలో ఇల్లు ఖాళీ అయింది. అమ్మ నన్ను కొట్టలేదు. గుండిగెడు పులిహోర నాన్న చెత్త సంచిలో వేసుకుని వెళ్తుంటే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత ఆమె వ్రతానికి ఎవరినీ పిలవలేదు, తాంబూలానికి పిలిస్తే వెళ్ళొచ్చేది. ఎడిసన్‌లో కొన్నాళ్ళు మాది చేప గరిటె వాళ్ళిల్లు.

ఈ నెలలో అమ్మానాన్నలు మా దగ్గర్లోకి మారుతుంటే వాళ్ళ గరాజ్ నేనే సర్దాను. నాన్న స్క్రూడ్రైవర్ల పెట్టె అడుగున, పసుపు అంటిన జాకెట్టు గుడ్డలో చుట్టి ఇది దొరికింది. పోయిన శుక్రవారం సాయంత్రం అమ్మ మా ఇంటికి వచ్చింది. పులిహోర కలిపి, తోమిన అట్లకాడ పక్కన పెట్టి, వారం రోజులుగా కూడగట్టుకున్న మాట చెప్పాను.

“అమ్మా, పాత వెండి సామాను గురించి తెలిసినాయనకి చూపించాను. ఇది కేక్ సర్వ్ చేసేదట. చేపలది కాదట.”

అమ్మ దాన్ని తీసుకుని కిటికీ వెలుగుకి తిప్పింది. గోటితో సింహాన్ని వెతికి తడిమింది.

“అప్పుడు నిజం చెప్పావు కదే” అంది. “ఇప్పుడెందుకు అబద్ధం?”

దాన్ని మళ్ళీ జాకెట్టు గుడ్డలో చుట్టి నా చేతికిచ్చి, సొరుగులోంచి స్టీలు గరిటె తీసి నా కూతురికి పులిహోర వడ్డించింది. ఎడిసన్ ఇల్లు అమ్మేశారు, ఆ ఆంటీలు ఎక్కడెక్కడికో వెళ్ళిపోయారు, పసుపు అట్టల బాణాలు పట్టుకుని ఇప్పుడు మేమెవరం తిరగం. ఒకప్పుడు అమ్మ దీన్ని స్వామి అంది. ఆ మాట ఆమె నోట మరొక్కసారి వింటానని ఆ పొద్దున్న అంతసేపు తోమాను. వినలేదు.